మచ్చలేనివాళ్ళ జాబితా

ఫిబ్రవరి 9

అత్తకి,

ఉత్తరం చూడగానే ఎవరికో ఏదో అయిందని గుండె పట్టుకోకు. అందరం బాగానే ఉన్నాం. ముప్ఫై ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో కూర్చుని ఊరందరి మాటలూ కలిపినదానివి, ఇప్పుడు నీ చెవికే ఫోన్ వినపడదు కాబట్టి రాస్తున్నాను. ఈ మధ్య ఫోన్లో కొన్ని మాటలు అనాలంటే నాకూ జంకుగానే ఉంది. అది వేరే సంగతి.

నా పని ఎప్పటిలాగే. పొద్దున్నే ఊరి కుళాయిల నుంచి సీసాల్లో నీళ్ళొస్తాయి, సాయంత్రానికి వాటిల్లో ఏముందో రాసి సంతకం పెడతాను. నలభై నాలుగేళ్ళొచ్చాయి, ఒక్కో సీసా ఇప్పటికీ రెండుసార్లు పరీక్ష చేస్తాను. మా ఆఫీసులో నవ్వుతారు. నువ్వు పెట్టిన పేరు వాళ్ళకి తెలియదు కాబట్టి సరిపోయింది.

అసలు విషయానికొస్తాను. ఇంటి నమోదు ఫారాలు మార్చారు, నీకూ వచ్చే ఉంటుంది. ఒక ఇంట్లో ఉండేవాళ్ళు ఒకరికొకరు ఏమవుతారో రాయాలి. ఇదివరకు "సహనివాసి" అని ఒక గడి ఉండేది, చాలామంది అందులో తలదాచుకునేవాళ్ళు. దాన్ని తీసేశారు. ఇప్పుడు రక్తసంబంధం, వివాహం, అద్దె. లేదంటే "ఇతరం, వివరించండి". అబద్ధం రాస్తే మూడు నెలల జైలు. "ఇతరం" రాసినవాళ్ళు పిల్లలతోనో రోగులతోనో పనిచేసేవాళ్ళైతే విచారణ, ఆపైన ఉద్యోగం ఉంటుందన్న నమ్మకం లేదు. ఇది ఎవరి కోసం పెట్టారో చెప్పక్కర్లేదు కదా. మగవాడితో కాపురం చేసే మగవాడు, ఆడదానితో బతికే ఆడది, పుట్టినప్పుడు రాసిన లింగాన్ని వదిలేసి బతికేవాళ్ళు.

నాకు తెలిసినవాళ్ళు కొందరు టైలర్ కొట్లో కలుస్తున్నారు. కొట్టు నడిపే ఆవిడ పుట్టినప్పుడు మగపిల్లాడని రాశారు. ఒక బస్సు డ్రైవరు, ఒక నర్సు, ఇంకొందరు. అందరూ ఒకే రోజు, ఒకే కౌంటర్ దగ్గరికి వెళ్ళి ఉన్నది ఉన్నట్టు రాసిస్తే ఎలా ఉంటుందని ఆలోచన. మీ వెనకమెట్ల ఉద్యమం గురించి నేను చెప్పాను. మా అత్త అందులో ఉందంటే వాళ్ళ కళ్ళు ఇంతింతయ్యాయి. ఎలా చేశారు, ఎక్కడ మొదలుపెట్టారు, ఎలా నిలబడ్డారు, అన్నీ రాయి.

నా ఇంట్లో ఉండే టీచర్ కూడా వెళ్తానంటోంది. చిన్నపిల్లల బడి ఆమెది. నాకు భయంగా ఉంది.

నీ అనుమానాల పుట్ట


ఫిబ్రవరి 20

అనుమానాల పుట్టకి,

నాకూ వచ్చింది ఆ ఫారం. ఒక్కదాన్నే ఉంటాను కదా, "సంబంధం" దగ్గర గీత గీసిచ్చేశాను. కింద బైండింగ్ కొట్టు ఆయన "మీకేం మహారాణీ" అన్నాడు.

ఇంతకాలానికి నన్నొకరు అడిగారు. మీ నాన్న బతికున్నన్నాళ్ళూ "మళ్ళీ మొదలెట్టావా అక్కా" అనేవాడు. ఇప్పుడు అడ్డం లేదు, విను.

వంతెన అవతలివాళ్ళం మనం. ఆఫీసుకెళ్ళినా, ఆసుపత్రికెళ్ళినా, పుస్తకం తెచ్చుకోవాలన్నా వెనక మెట్లే. చట్టంలో ఎక్కడా లేదు, అయినా ముందు గుమ్మంలో కాలు పెట్టినవాడు లేడు. అందరూ అనుకుంటారు, ఒక రోజు కడుపు మండి దూసుకెళ్ళామని. అదేం కాదమ్మా. ఆరువారాలు సాధన చేశాం. ప్రెస్సు వెనక గదిలో. నేర్పించినాయన అక్కడి కంపోజిటర్. అక్షరాలు పేర్చి పేర్చి వేళ్ళు సీసంలా ఉండేవి. ఆయన చేసిన పని చూడు, మమ్మల్ని తిట్టబోయే తిట్లన్నీ ముందే పోగుచేసి అచ్చువేశాడు! అరవై నాలుగు తిట్లు, వరస అంకెలతో. ఒక పక్క చదువుకున్నవాళ్ళు తిట్టేవి, ఇంకో పక్క చదువుకోనివాళ్ళవి. చదువుకున్నవాళ్ళవే లోతుగా దిగేవి. మేం కుర్చీలో కూర్చోవాలి, మనవాళ్ళే మొహంలో మొహం పెట్టి చదవాలి. మీద నీళ్ళు పోసేవాళ్ళు, జుట్టు లాగేవాళ్ళు. ఏడిస్తే మొదటినుంచీ మళ్ళీ. ఇరవై ఏడో తిట్టు దగ్గర నేను రెండు వారాలు ఆగిపోయాను. అదేమిటో నీకు రాయను.

"కళ్ళలోకి చూడకు, కనుబొమల మధ్య చూడు. వాడికి నువ్వు చూస్తున్నట్టే ఉంటుంది, నీకు వాడు కనపడడు" అనేవాడు. ఇప్పటికీ పాలవాడితో గొడవొస్తే నేను అలాగే చూస్తాను.

ఇంకా రాసుకో. ఉతికిన బట్టలు. పేరు, తండ్రి పేరు, ఇంటి నంబరు అడగ్గానే తడబడకుండా చెప్పాలి. ఎవరినైనా ఒంటరిగా గదిలోకి పిలిస్తే ఇద్దరు లేవాలి. పట్టుకుపోతే ఇంట్లో ముసలివాళ్ళకి అన్నం ఎవరు పెడతారో ముందే అనుకోవాలి.

అన్నిటికన్నా ముఖ్యం, ముందు నిలబడేవాళ్ళని ఏరుకోవాలి. మేం మచ్చలేనివాళ్ళ జాబితా అనేవాళ్ళం. పన్నెండు మంది. పెళ్ళయినవాళ్ళు, ఉద్యోగం ఉన్నవాళ్ళు, తాగనివాళ్ళు, పోలీసు కాగితం మీద పేరు లేనివాళ్ళు. పత్రికలవాడు పట్టుకోవడానికి పీచైనా దొరక్కూడదు. దొరికిందా, గుమ్మం మాట మరిచిపోయి దాని గురించే రాస్తాడు. పన్నెండోదాన్ని నేను, పంతొమ్మిదేళ్ళు, అందరిలోకి చిన్న. పీచున్నవాళ్ళు వెనక ఉండి కాగితాలు రాయొచ్చు. ఒకరిని అలా వెనక ఉంచాం. ఆ సంగతి ఎప్పుడైనా రాస్తాను.

ఒక్క మాట, కోపం తెచ్చుకోకు. నువ్వు సాయం చేస్తున్నావు, మంచిదే. కానీ వాళ్ళ మధ్య మరీ భుజం భుజం రాసుకుని నిలబడితే నిన్నూ వాళ్ళలో ఒకదాన్నే అనుకుంటారు. పెళ్ళికాని ఆడదానివి. లోకం నోరు నీకు కొత్తేం కాదు.

మీ అత్త


మార్చి 6

అత్తా,

నీ ఉత్తరం కొట్లో గట్టిగా చదివి వినిపించాను. కుట్టుమిషన్లు ఆపి విన్నారు. కంపోజిటర్ గారికి డ్రైవరు అక్కడే సలాం కొట్టాడు.

మేమూ తిట్ల పాఠం మొదలుపెట్టాం. అచ్చు లేదు, నర్సు తన గుండ్రటి చేతిరాతలో రాసుకొచ్చింది. మొదటి రోజు నవ్వులే నవ్వులు. డ్రైవరు టైలరమ్మని తిట్టబోయి "ఏమండీ, మీరు..." అని మొదలుపెట్టాడు. "ఒరేయ్, అండీ అని పిలిచి ఎవడ్రా తిట్టేది! నీ కండక్టర్‌ని తిట్టినట్టు తిట్టు" అని ఆవిడ గదమాయించింది. అతగాడు రెండోసారి నిజంగానే తిట్టాడు. ఆవిడ నవ్వడం ఆపేసింది. అంతసేపూ చేతిలో ఉన్న కత్తెర కింద పెట్టి, "సరే. ఇంకోసారి" అంది.

మూడో రోజుకి తెలిసింది, మీకూ వీళ్ళకీ తేడా ఎక్కడుందో. నువ్వు కుర్చీలో తిట్లు తిని ఇంటికెళ్తే నానమ్మ తల తుడిచి ఉంటుంది, తాతయ్య ఎవర్రా అన్నది అని లేచి ఉంటాడు. నువ్వు వంతెన అవతలిదానివని ఇంట్లో కొత్తగా చెప్పుకోవలసిన పని లేదు. ఇక్కడ నర్సు జాబితా రాయడానికి బయటికెళ్ళి ఎవరినీ అడగలేదు. అవన్నీ ఇళ్ళలో విన్నవే. టీచర్ వంతు వచ్చినప్పుడు పదకొండో వాక్యం దగ్గర లేచి వెళ్ళి పంపు కింద మొహం కడుక్కుంది. అది అక్షరం పొల్లుపోకుండా వాళ్ళన్నయ్య అన్న మాటట.

పాత పాఠం కొత్తవాళ్ళకి సరిపోతుందా అని నాకు మళ్ళీ అనుమానం. కానీ పాఠమే లేకపోవడం కన్నా నయం కదా.

నువ్వు చెప్పినట్టే మచ్చలేనివాళ్ళ జాబితా కూడా వేశారు. సలహా చెప్పే లాయరు దాన్ని పట్టుకుని వదల్లేదు. "ఆవిడ అనుభవంతో చెప్తున్నారు. చిన్నపిల్లల టీచర్‌ని ముందు పెడితే రేపు పేపర్లో పిల్లల ఫొటో పడుతుంది, మన మాట ఒక్కటీ పడదు" అన్నాడు. టైలరమ్మ పేరూ తీసేయబోయారు. "నా కొట్లో కూర్చుని నన్నే తీసేస్తార్రా, ముందు కుర్చీలు దిగండి" అనేసరికి ఊరుకున్నారు. టీచర్ పేరు మాత్రం కొట్టేశారు. ఆమె సరే అంది. అదే నాకు భయం.

భయాలు ఇంకా ఉన్నాయి. సోమవారం కొట్టు తలుపు మీద కాగితం అతికించి ఉంది. అందులో తిట్టు లేదు. కొట్లోకి వచ్చేవాళ్ళ ఇళ్ళ నంబర్లు మాత్రం ఉన్నాయి, అన్నీ సరిగ్గా. మా పైయింటావిడ మెట్ల మీద ఎదురొస్తే గోడవైపు తిరిగి నిలబడుతోంది. నిన్న లాబొరేటరీలో పై అధికారి ఊరికే వచ్చి, ఊరికే నిలబడి, "మీరుండేది ఎవరితోనండీ?" అని అడిగి వెళ్ళాడు. ఆ తర్వాత నాలుగు సీసాలు మూడేసి సార్లు పరీక్ష చేశాను.

ఉంటాను.


మార్చి 14

తల్లీ,

కొట్టు తలుపు మీద నంబర్లు అతికించారంటే వాళ్ళు కూడా సాధన చేస్తున్నారన్నమాట. తలుపు గడియలు చూసుకోండి.

టీచర్ విషయం మంచి పని చేశారు. లాయరుకి బుర్ర ఉంది. ఇంకో మాట కూడా చెప్తాను. ఈ వేడి తగ్గేదాకా ఆ అమ్మాయికి వేరే గది చూసిపెట్టకూడదూ? ఆమెకీ నీడ, నీకూ మాట పడదు. నువ్వు నీళ్ళు చూసుకునేదానివి, విచారణల్లో నీ పేరెందుకు? పదకొండేళ్ళు అద్దె పంచుకున్నంత మాత్రాన కష్టం కూడా పంచుకోవాలని ఎక్కడుంది?

మోకాలు బాగానే ఉంది. నువ్వు అడగలేదు, అయినా చెప్తున్నాను.

మీ అత్త


మార్చి 19

అత్తా,

నువ్వు అన్నది జరిగింది. టీచర్ వాళ్ళ చెల్లెలింటికి వెళ్ళిపోయింది. నీ ఉత్తరం రాకముందే, కాబట్టి నీ మీద నెపం పెట్టలేను.

ఎన్ని కాగితాలు చింపానో. ఇక ఒకటే వాక్యం రాస్తాను, తర్వాత నీ ఇష్టం. ఆమె నాతో అద్దె పంచుకోవడం లేదు అత్తా, నాతో బతుకుతోంది. పదకొండేళ్ళుగా. వాళ్ళు, వీళ్ళు అని నీకు రాసిన ప్రతిచోటా మేము అని చదువుకో.

ఇంకొకటి కూడా చెప్పాలి, ఇది మొదటిదానికన్నా కష్టంగా ఉంది. నీ ఉత్తరం కొట్లో చదివి వినిపించానన్నాను కదా. మొత్తం చదవలేదు. "ఒకరిని అలా వెనక ఉంచాం, ఆ సంగతి ఎప్పుడైనా రాస్తాను" అన్నచోట ఆగి, పేజీ తిప్పేశాను. ఆ వాక్యం చదివితే ఎవరో ఒకరు అడుగుతారు, ఎవరది, తర్వాత ఏమయ్యారు అని. అడిగితే మాట టీచర్ పక్కకి తిరుగుతుంది. నాకది అక్కర్లేదు. ఆమె పేరు కొట్టేయాలి. ఆమె ఇంట్లో ఉండాలి, ఉద్యోగం ఉండాలి, ఫారంలో ఏదో అబద్ధం రాసి ఇంకొన్నాళ్ళు గడిపేయాలి. ఉద్యమం కోసం చదువుతున్నట్టు నటిస్తూ నా భయాన్ని నీ గొంతుతో చదివాను. నువ్వన్నావంటే అందరూ ఒప్పుకుంటారని తెలుసు.

ఆమె కనిపెట్టింది. పదకొండేళ్ళు నా మొహం చూసిన మనిషి. ఇంటికొచ్చాక, "పేజీ ఎందుకు తిప్పావు?" అంది. "తిప్పలేదు" అన్నాను. "సరే" అని సంచీ తీసింది.

ఇప్పుడు చెప్పు. వెనక ఉంచినది ఎవరిని?

నీ మేనకోడలు


ఏప్రిల్ 2

అత్తా,

రెండు వారాలైంది. పోస్టు పోయిందేమో అనుకున్నాను. పోలేదని తెలుసు, నీ వీధికి రెండు రోజుల్లో చేరుతుంది.

కోపం వస్తే తిట్టు. మా దగ్గర సాధన జరుగుతూనే ఉంది, తట్టుకోగలను. ఏమీ రాయకుండా ఉండడం మాత్రం ఏ జాబితాలోనూ లేదు.

శుక్రవారం టైలరమ్మ కొట్టు అద్దం పగలగొట్టారు. ఆవిడకి ఏం కాలేదు. ముక్కలు ఊడుస్తూ, "కుట్టడానికి ఇచ్చిన బట్టల్లో గాజు ఉంటే కస్టమర్లు ఊరుకోరు" అని ఒక్కో గుడ్డా దులుపుతూ కూర్చుంది. నమోదుకి ఆఖరి రోజు ఏప్రిల్ 21. జాబితాలోంచి రోజుకొకరు జారిపోతున్నారు.

నువ్వూ జారిపోయావా?


ఏప్రిల్ 8

పిచ్చిదానా,

ఎక్కడికీ జారలేదు. ఒకాయన్ని వెతకడానికి ఇన్ని రోజులు పట్టింది. ముందు నీ సంగతి, తర్వాత ఆయన సంగతి.

నీ ఉత్తరం చదివి కోపం వచ్చింది. నీ మీద కాదని రాద్దామనుకున్నాను. అబద్ధం, నీ మీదే వచ్చింది. పదకొండేళ్ళు నా దగ్గర దాచావని. సాయంత్రం నేను నీకు రాసిన మాటలన్నీ గుర్తు తెచ్చుకున్నాను. "నిన్నూ వాళ్ళలో ఒకదాన్నే అనుకుంటారు." అలాంటి అత్తకి ఎవరైనా ఎందుకు చెప్తారు? ఇప్పటికీ నాకు ఇది సరిగ్గా అర్థమైందని చెప్పను. నాకు అర్థమయ్యేదాకా నిన్ను ఆగమనీ చెప్పను.

వెనక ఉంచింది ఆ కంపోజిటర్‌నే.

ఆయన గడియారాలు బాగుచేసే ఒకాయనతో ఒకే గదిలో ఉండేవాడు. మాకందరికీ తెలుసు, ఎవరం అనేవాళ్ళం కాదు. తిట్లు నేర్పిందీ, వరసలు వేసిందీ, ఎవరు ఎక్కడ నిలబడాలో గీసిందీ ఆయనే. రెండు రోజులుందనగా ఒక పత్రికవాడికి వాసన తగిలిందని పెద్దవాళ్ళు కంగారుపడ్డారు. చెప్పడానికి నన్ను పంపారు, ఆయనకి నేనంటే ముద్దు కాబట్టి. "ఈ ఒక్కసారికి, అన్నా. గుమ్మం దాటాక నీ సంగతి చూద్దాం" అన్నాను. పంతొమ్మిదేళ్ళదాన్ని. ఆ మాట ఎవరూ నేర్పలేదు, నా నోట్లోంచే వచ్చింది. ఆయన నా చేతిలోంచి జాబితా తీసుకుని, "కొట్టివేతలుంటే బాగుండదు, మళ్ళీ పేరుస్తాను" అని అక్కడికక్కడే కొత్తగా అక్షరాలు పేర్చాడు. ఆయన పేరున్న చోట నా పేరు పెట్టాడు. నేను పన్నెండోదాన్నని చెప్పుకుంటూ వచ్చాను కదా, ఎవరి స్థానంలో పన్నెండోదాన్నో ఎవరికీ చెప్పలేదు. మీ నాన్నకి కూడా.

ఆయన పోయి తొమ్మిదేళ్ళైందని ఇప్పుడు తెలిసింది. గడియారాలాయన ఉన్నాడు. స్టేషన్ వెనక సందులో, మంచం పట్టేంత కొట్టు. ఎనభై దాటాయి. కంటికి భూతద్దం పెట్టుకుని నన్ను చూసి, "ఆగిపోయిందా, వెనకబడుతోందా?" అన్నాడు. గడియారం కాదన్నాను. "తెలుసు. మెట్లెక్కుతుంటేనే పోల్చుకున్నాను. కూర్చో" అన్నాడు.

అప్పుడు చెప్పాడు. మేం ముందు గుమ్మం ఎక్కిన రోజు కంపోజిటర్ ఎదురుగా టీకొట్లో కూర్చున్నాడట. పన్నెండు మంది లోపలికి వెళ్ళారా, పన్నెండు మందీ బయటికొచ్చారా చూసుకుని ఇంటికి వచ్చాడట.

"వచ్చి ఏమన్నాడు?" అన్నాను.

"బాగా నేర్చుకున్నారు, ఒక్కరూ కళ్ళు దించలేదు అన్నాడు. సంతోషంగానే అన్నాడు. వాడు ఏడ్చి ఉంటే నేను మిమ్మల్ని ఏనాడో క్షమించేవాణ్ణి" అన్నాడు.

క్షమించమని అడిగాను. "అది వాడివ్వాలి. నా దగ్గర లేదు" అని మళ్ళీ భూతద్దం పెట్టుకున్నాడు. నేను ఇంకాస్సేపు కూర్చుని లేచొచ్చాను. పొమ్మనలేదు, ఉండమనలేదు.

గుమ్మం దాటి యాభై ఐదేళ్ళైంది తల్లీ. ఆయన సంగతి ఎవరం చూడలేదు. "తర్వాత" అన్న మాట అలాంటిది. మేం నేర్చుకున్నవాటిల్లో నీకు పనికొచ్చేవి అన్నీ తీసుకో. ఆ జాబితా ఒక్కటీ తీసుకోకు. మాకు దానివల్ల గుమ్మం దొరకలేదని చెప్పను, దొరికింది. అందుకే ఇన్నాళ్ళూ అది తప్పని చెప్పలేకపోయాను.

ఈ ఉత్తరం కొట్లో చదువు. పేజీలు తిప్పకుండా చదువు.

మీ అత్త


ఏప్రిల్ 29

అత్తా,

పేజీలు తిప్పకుండా చదివాను. ముందు కొట్లో కాదు, వాళ్ళ చెల్లెలింటి గేటు దగ్గర, ఆమెకి. లోపలికి రమ్మనలేదు. గేటుకి అటు ఆమె, ఇటు నేను. అయ్యాక, "నా పేరు నువ్వే కొట్టించావు" అంది. ఔనన్నాను.  ఆమె గడియ మీద చెయ్యి వేసి, "మా చెల్లెలు టీలో పంచదార వెయ్యదు. ఇంకో రెండు రోజులు చూసి నేనే వచ్చేద్దామనుకున్నాను" అని గేటు తీసింది. అంత తేలిగ్గా తేలిపోలేదులే. రెండు వారాలపాటు నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. కానీ వచ్చింది.

కొట్లో కూడా చదివాను. లాయరు నేల చూపులు చూశాడు. టైలరమ్మ లేచి జాబితా కాగితం తీసుకుంది. చింపుతుందనుకున్నాను. గుడ్డ మీద గుర్తులు పెట్టే సుద్దతో కొట్టివేతల పక్కన పేర్లన్నీ మళ్ళీ రాసింది.

ఆఖరి రోజున నలభై రెండు మందిమి వెళ్దామనుకున్నాం, ఇరవై ఆరుగురం వచ్చాం. రానివాళ్ళని ఏమీ అనకూడదని ముందే అనుకున్నాం. బయట కేకలున్నాయి, ఒకటి రెండు రాళ్ళు పడ్డాయి, నర్సు భుజానికి తగిలింది. తిట్లన్నీ విన్నవే, కొత్తది ఒక్కటీ లేదు. కనుబొమల మధ్యే చూశాను. రాళ్ళు పడితే ఎటు చూడాలని మీ కంపోజిటర్ చెప్పాడో మాత్రం నువ్వు రాయలేదు.

లోపల కౌంటర్ దగ్గర ఒక నడివయసు క్లర్కమ్మ. మా ఫారం తీసుకుంది, "ఇతరం" కింద "జీవిత భాగస్వాములం" అని ఉన్నది చదివింది, మొహంలో ఏమీ కదల్లేదు. అన్నిటికీ సిద్ధంగా వెళ్ళాం అత్తా, ఉమ్మేస్తే ఏం చేయాలో, లాక్కెళ్తే ఎలా పడుకోవాలో. ఆవిడ అడిగింది ఒకటే, "ఇంటి పెద్ద ఎవరు?"

పైన ఆ గడి ఖాళీగా ఉంది. మేం చూసుకోలేదు. ఇద్దరం ఒకేసారి, "ఈవిడే" అన్నాం, ఒకరివైపు ఒకరు వేలు చూపించి.

"మా ఇంట్లోనూ అదే గొడవండీ, బాధ్యతనేసరికి ఇద్దరం తప్పుకుంటాం" అన్నాడు వెనకనుంచి డ్రైవరు. ఆ భయంలో, ఆ లైనులో నవ్వొచ్చింది అందరికీ. "తేల్చుకోండమ్మా, వెనక మనుషులున్నారు" అని క్లర్కమ్మ విసుక్కుంది. కలం నా చేతిలో ఉంది. ఆమె పేరు రాశాను. స్టాంపు పడింది.

నాలుగు రోజుల తర్వాత నోటీసు వచ్చింది. విచారణ సోమవారం పది గంటలకి. ఇంటి పెద్ద పేరు మీద. ఆమె ఒక్కదాని పేరు మీద. బడివాళ్ళకి కూడా ఒక ప్రతి పంపారు.

రెండు రోజులు అదే తిప్పి తిప్పి ఆలోచించాను. కలం నా చేతిలో ఉండగా నా పేరెందుకు రాయలేదు? ఆమె పెద్దరికం ఒప్పుకున్నాననుకుంటే ఒప్పుకున్నట్టే ఉంది. తప్పించుకున్నాననుకుంటే తప్పించుకున్నట్టే ఉంది. రెండుసార్లు పరీక్ష చేసినా తేలని సీసా ఇదొక్కటే. ఆమెనడిగితే, "నేనూ నీ పేరే చెప్పాను కదా, కలం నా చేతిలో ఉంటే నువ్వు ఇరుక్కునేదానివి. అంతే, వదిలెయ్" అంది. వదలడం నాకు చేతనైతే నువ్వు నాకా పేరు పెట్టేదానివే కాదు.

నిన్న మళ్ళీ ఆ కౌంటర్ దగ్గరికి ఒక్కదాన్నే వెళ్ళాను. నా పేరు కూడా నోటీసులో చేర్చమన్నాను. "అలాంటి ఫారం లేదు" అంది క్లర్కమ్మ. తెల్లకాగితం మీద రాసిస్తానన్నాను. ఆవిడ అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "మీ పేరు లేదు కదమ్మా. ఎందుకు తలకెత్తుకుంటారు? ఇంటికెళ్ళండి" అంది. మంచికే చెప్పిందనుకుంటాను. అక్కడే నిలబడి రాశాను: ఈ ఇంటికి పెద్దలు ఇద్దరు, ఒకరిని అడిగేది ఇద్దరినీ అడగవలసినదిగా మనవి. పేరు, మా నాన్న పేరు, ఇంటి నంబరు, ఉద్యోగం. ఆవిడ నిట్టూర్చి స్టాంపు వేసింది.

టీచర్‌కి చెప్తే కోప్పడింది. "ఒకరి ఉద్యోగమైనా మిగిలేది కదే!" అని అరిచింది. తర్వాత ఆ కాగితం నకలు అడిగి తీసుకుంది, చదివింది, తన పుస్తకంలో పెట్టుకుంది.

ఇది ఆదివారం మధ్యాహ్నం రాస్తున్నాను. రేపటికి ఇంకా ఇరవై గంటలు. పైయింట్లో కుర్చీ జరిగినా ఉలిక్కిపడుతున్నాను. రేపు వీటిల్లో ఏది మిగులుతుందో తెలియదు, నా ఉద్యోగం, ఆమె బడి, ఈ ఇల్లు. గదిలోకి ఒక్కొక్కరినే పిలుస్తారట. ఎవరిని ముందు పిలుస్తారో చెప్పరట.

నన్నే ముందు పిలవాలని కోరుకుంటున్నాను. ఈ వాక్యం రాసి, కలం పక్కన పెట్టి, నిజంగానే కోరుకుంటున్నానా అని నన్ను నేను అడిగి చూసుకున్నాను అత్తా.

నిజంగానే.

నీ మేనకోడలు